పంటి పుట్టుక - తల్లిపై మోపరాని నింద

భాషలోని కొన్ని మాటలు తమ వెంట ఒక నమ్మకాన్ని మోసుకొని తిరుగుతూ, తరతరాలపాటు నిరపరాధులను శిక్షిస్తూ ఉంటాయి. పై పెదవి చీలి పుట్టిన శిశువును చూచి మన పల్లెలలోను, పట్టణాలలోను కూడ అనే మాట ‘గ్రహణం మొర్రి’. ఆ రెండు పదాలలోనే నేరారోపణ, విచారణ, తీర్పు మూడును ముగిసిపోయినవి. గ్రహణం పట్టిన వేళ గర్భవతి బయటికి వచ్చి ఉంటుంది, లేదా కత్తిపీట ముట్టి ఉంటుంది. అందువల్లనే బిడ్డ పెదవి చీలినదని ఆ మాటకు తాత్పర్యం. ఏడాది దాటినా పన్ను మొలవని పిల్లవాని విషయంలోను, నోరు తడి లేక అన్నం మింగలేని పిల్లదాని విషయంలోను ఇదే వరుస. కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏమి తిన్నదో, ఏమి చూచినదో, ఎవరి ఉసురు పోసుకున్నదో అని ఇరుగుపొరుగు లెక్కలు తీస్తారు. ఇందులో మతభేదం లేదు. తెలుగు మాట్లాడే ఇంటిలోను, ఉర్దూ మాట్లాడే ఇంటిలోను గ్రహణం నాడు గర్భిణిని కదలనీయక కూర్చోబెట్టే పెద్దలు నేటికీ ఉన్నారు.

నేను బోధించేది తెలుగు సాహిత్యమే గాని జీవశాస్త్రం కాదు. అయినా ఈ వ్యాసానికి పూనుకొనడానికి కారణం మాటల మీద ఉన్న పట్టింపే. పళ్ళు, లాలాజల గ్రంథులు గర్భంలో ఎట్లు రూపొందుతున్నవో గత డెబ్బది సంవత్సరాలలో శాస్త్రజ్ఞులు చాలవరకు తెలుసుకున్నారు. ఆ జ్ఞానం పై నిందను పూర్తిగా కొట్టివేస్తున్నది. కాని అది ఆంగ్ల గ్రంథాలలోను, పరీక్షాపత్రాలలోను నిలిచిపోయి, నింద మాత్రం మన భాషలలో నిరాటంకంగా సాగుతున్నది. ఈ అన్యాయాన్ని తొలగించే బాధ్యత చదువుకున్న వారిది, అందులోను రెండు భాషలు నేర్పే మన కళాశాల వంటి సంస్థలది అని నా అభిప్రాయం.

ముందుగా విషయాన్ని పరిశీలిద్దాము. మానవ శరీరం ఒక్క కణంతో ప్రారంభమవుతుంది. ఆ కణం విభజన చెందుతూ పోగా ఏర్పడిన కోటానుకోట్ల కణాలలో దాదాపు ప్రతిదానిలోను అదే గ్రంథం ఉంటుంది. ప్రోటీనుల తయారీకి సూచనలిచ్చే సుమారు 20,000 జన్యువులు అందులో ఉన్నవి. కంటిలోని కణానికి, కాలేయంలోని కణానికి, పంటిని కట్టే కణానికి గ్రంథం ఒక్కటే. మరి ఒకటి కన్నుగా, మరొకటి పన్నుగా ఎట్లు మారినవి? గ్రంథమంతా తన వద్దనే ఉన్నా, ప్రతి కణం అందులో తనకు కావలసిన కొన్ని పుటలను మాత్రమే తెరచి చదువుతుంది. ఏ జన్యువు, ఏ కణంలో, ఏ దినాన, ఎంత మోతాదులో పని చేయవలెనో ఆ మేరకు పని చేయుటనే జన్యు వ్యక్తీకరణ అంటారు. పెద్దన గారి ప్రబంధం బీరువాలో ఉన్నంత మాత్రాన ఆ ఇంట్లో సాహిత్యం ఉన్నట్లు కాదు. ఎవరో ఒకరు తీసి చదవాలి. జన్యువుల విషయమూ అంతే.

పిండం వయస్సు ఆరు వారాలు కావచ్చినప్పుడు, భావి దవడల అంచున పైపొర కొద్దిగా మందమవుతుంది. ఈ పైపొరను పాఠ్యగ్రంథాలు ఉపకళ అంటాయి. దాని కింద వదులుగా అల్లుకొని ఉండే లోపలి కణజాలానికి మీసెన్‌కైమ్ అని పేరు. విశేషమేమనగా దవడలోని ఈ లోపొర చాలవరకు అక్కడే పుట్టినది కాదు. మెదడు రూపొందుతున్న చోట నాడీ శిఖరమనే భాగం నుండి బయలుదేరి, వలస వచ్చిన కణాలతో అది ఏర్పడినది. స్థానికమైన పైపొర, వలస వచ్చిన లోపొర కలిసి పంటిని నిర్మిస్తాయి. పైపొర లోపలికి దిగి మొదట మొగ్గ వలె, తరువాత టోపీ వలె, ఆ పిదప గంట వలె రూపు దాలుస్తుంది. గంట దశలో పైపొర కణాలు ఎనామిల్‌ను, లోపలి కణాలు డెంటిన్‌ను తయారు చేయడానికి సిద్ధపడతాయి. నాల్గవ మాసంలో పాలపళ్ళు గట్టిపడడం ఆరంభిస్తాయి. పుట్టిన ఆరు నెలలకు చిగుళ్ళ మీద తెల్లగా మెరిసే తొలి పన్ను, తల్లి కడుపులోనే నెలల తరబడి సాగిన పనికి ఫలితం.

ఈ రెండు పొరలలో ఏది గురువు, ఏది శిష్యుడు? చిట్టెలుక పిండాలపై జరిగిన ప్రయోగాలు దీనికి చక్కని సమాధానం ఇచ్చినవి. 1970లో కొల్లార్, బెయిర్డ్ అనే శాస్త్రజ్ఞులు కుంతకపు లోపొరను చర్వణకపు పైపొరతో జతచేయగా కుంతకమే వచ్చినది. అనగా ఆ దశలో పంటి ఆకారాన్ని నిర్ణయించేది లోపొర. అయితే 1987, 1988 సంవత్సరాలలో వెలువడిన ప్రయోగాలు ఇంకను వెనుకటి దినాలకు పోయి చూచినవి. మొట్టమొదట దవడ పైపొరకే ప్రేరణ శక్తి ఉన్నది. పళ్ళతో సంబంధం లేని చోటి నాడీ శిఖర కణాల చేత కూడ అది పంటిని కట్టించగలిగినది. చిట్టెలుక పిండానికి సుమారు పన్నెండు దినాలు వచ్చేసరికి ఆ శక్తి లోపొరకు సంక్రమించినది. గురుత్వం చేతులు మారినది.

ఆ మార్పు ఏ మాటల ద్వారా జరుగుతున్నదో 1993లో ఫిన్లాండు దేశపు హెల్సింకీ నగరంలో ఇర్మా థెస్లెఫ్ బృందం కనుగొన్నది. పైపొర బి.ఎం.పి.-4 అనే ప్రోటీన్‌ను సంకేతంగా పంపుతుంది. అది అందిన లోపొరలో ఎం.ఎస్.ఎక్స్.-1 అనే జన్యువు మేల్కొంటుంది. అట్లు మేల్కొన్న లోపొర తానే బి.ఎం.పి.-4ను తయారుచేయ నారంభించి, తిరిగి పైపొరకు పంపుతుంది. ప్రశ్న, ప్రత్యుత్తరం, మళ్ళీ ప్రశ్న అన్న రీతిలో సంభాషణ సాగుతుంది. 1994లో అదే నగరంలో యెర్న్‌వాల్, థెస్లెఫ్ ప్రభృతులు ‘ఎనామిల్ ముడి’ అనే చిన్న కణసమూహం పాత్రను వివరించారు. ఈ ముడిలోని కణాలు తాము విభజన చెందవు. చుట్టూ ఉన్నవాటిని పెరగమని మాత్రం సంకేతాలు పంపుతాయి. పని ముగియగానే నశించిపోతాయి. చర్వణకాల మీద మనకు నాలుకకు తగిలే ఒక్కొక్క గుబ్బ ఒకప్పుడు అట్టి ముడి ఉన్న చోటు. 1998లో లండన్‌లో జరిగిన ప్రయోగం మరింత ఆశ్చర్యకరమైనది. కుంతకం రావలసిన చోట బి.ఎం.పి. సంకేతాన్ని అడ్డగించగా, మామూలుగా చర్వణకాల చోటనే పనిచేసే బార్క్స్-1 జన్యువు అక్కడ కూడ మేల్కొని, కుంతకానికి బదులు చర్వణకం తయారైనది. జన్యువులలో ఒక్క అక్షరమైనా మారలేదు. మారినది వాటిని చదివిన చోటు మాత్రమే.

పన్ను పుట్టే దినాలలోనే, ఆ పొరుగుననే లాలాజల గ్రంథులు కూడ పుడుతున్నవి. ఆరవ వారం మొదలు ఎనిమిదవ వారం లోపల పెరోటిడ్, అధోజంభిక, అధోజిహ్విక అనే మూడు జతల గ్రంథులకు అంకురార్పణ జరుగుతుంది. ఇక్కడ కూడ పైపొరే లోపలికి దిగుతుంది, కాని గంటగా మారక చెట్టు వలె కొమ్మలు రెమ్మలుగా చీలుతూ పోతుంది. 1953లో అమెరికాలో గ్రోబ్‌స్టైన్ చిట్టెలుక గ్రంథి పైపొరను తన లోపొర నుండి విడదీసి ప్రయోగశాలలో పెంచి చూచాడు. సొంత లోపొర తోడుంటే అది చక్కగా కొమ్మలు వేసినది. వేరుచోటి లోపొరలతో కలిపినప్పుడు వేయలేదు. 1976లో సకాకురా ప్రభృతులు స్తన్యగ్రంథి పైపొరను లాలాజల గ్రంథి లోపొరతో జతచేశారు. వచ్చిన గ్రంథి చూపులకు అచ్చముగా లాలాజల గ్రంథి వలెనే కొమ్మలు వేసినది. కాని అది తయారుచేసినది పాలలోని ప్రోటీన్‌ను. ఆకృతి సహవాసం వల్ల, ప్రకృతి పుట్టుక వల్ల వచ్చినవన్నమాట. స్వభావం గొప్పదా, సావాసం గొప్పదా అని మన పెద్దలు చేసిన వాదనకు చిట్టెలుక గ్రంథి ఒకటి రెండు పక్షాలనూ సమర్థిస్తూ తీర్పు చెప్పినది.

ఈ సంభాషణలో మోతాదు కూడ ముఖ్యమే. లాలాజల గ్రంథులు కొమ్మలు వేయడానికి లోపొర నుండి ఎఫ్.జి.ఎఫ్.-10 అనే సంకేతం రావాలి. ప్రతి మనిషికి ఈ జన్యువు రెండు ప్రతులుగా ఉంటుంది. వాటిలో ఒక ప్రతి చెడిపోయినా కొందరిలో లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు సరిగా ఏర్పడవని 2005లో తేలినది. అట్టివారి నోరు ఎండిపోతుంది. లాలాజలం ఆహారాన్ని తడపడమే గాక, ఆమ్లాన్ని అణచి, ఎనామిల్‌కు కావలసిన కాల్షియం, ఫాస్ఫేట్‌లను అందిస్తూ పళ్ళకు కావలి కాస్తుంది. ఆ కావలి లేనప్పుడు ఎంత శుభ్రంగా తోముకున్నా పళ్ళు త్వరగా పుచ్చిపోతాయి. ఇంట్లోవారు ఆ బిడ్డ మిఠాయి తిన్నదని, తల్లి గారాబం చేసినదని తిడతారు. బిడ్డకు లాలాజలమే ఊరడం లేదన్న సంగతి వారికి తెలియదు.

ఇప్పుడు మొదట చెప్పిన నింద దగ్గరకు వద్దాము. పై పెదవి చాలవరకు ఏడవ వారం నాటికే, అంగిలి సుమారు పన్నెండవ వారం నాటికి అతుక్కొని పూర్తవుతాయి. అయిదు నెలల గర్భిణి గ్రహణం నాడు ఏ కత్తి పట్టినా, అప్పటికే పూర్తయిన పెదవి తిరిగి చీలే మార్గం లేదు. 1994లో ఎం.ఎస్.ఎక్స్.-1 జన్యువు లేని చిట్టెలుకలను సృష్టించి చూడగా, వాటి పళ్ళు మొగ్గ దశలోనే ఆగిపోయినవి, అంగిలి చీలిపోయినది. 1996లో కొన్ని పళ్ళు మొలవని ఒక కుటుంబంలోను, 2000లో పళ్ళ లోపంతో పాటు పెదవి, అంగిలి చీలికలున్న మరొక కుటుంబంలోను అదే జన్యువులో మార్పు కనబడినది. పెదవి చీలికకు ఈ ఒక్క జన్యువే కారణం కాదు. చాల సందర్భాలలో అనేక జన్యువుల స్వల్ప ప్రభావాలు, మరికొన్ని బాహ్య కారణాలు కలిసి పనిచేస్తాయి. గర్భిణి పొగ త్రాగడం, మూర్ఛవ్యాధికి వాడే కొన్ని మందులు అట్టి బాహ్య కారణాలలో చేరినవి. ఆ మందులను వైద్యుని సలహాతో సరిచూచుకొనవలెనే గాని తమంత తాము మానరాదు. గ్రహణానికి మాత్రం ఈ జాబితాలో చోటు లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చును. “జన్యువు తల్లి నుండియే వచ్చినప్పుడు తప్పు తల్లిదే గదా?” అని ఎవరైనా అడుగవచ్చును. ఈ ప్రశ్నను తప్పించుకొనరాదు. 1875లో వెలువడిన తన గ్రంథపు కూర్పులో చార్లెస్ డార్విన్ సింధు ప్రాంతపు హిందూ కుటుంబం ఒకదానిని వర్ణించాడు. నాలుగు తరాలలో పదిమంది పురుషులకు పళ్ళు బహు కొద్దిగా, బలహీనంగా ఉండెను. శరీరం మీద వెంట్రుకలు స్వల్పం. వేసవిలో చర్మం పొడిబారి మిక్కిలి బాధపడేవారు. ఆడపిల్లలకు లోపం లేదు, కాని వారి కొడుకులకు వచ్చెను. ఇట్టి లోపానికి మూలమైన ఇ.డి.ఎ. అనే జన్యువు 1996లో ఎక్స్ క్రోమోసోమ్ మీద దొరికినది. అది పంపే సంకేతాన్ని పంటి మొగ్గలో అందుకొనేది పైన చెప్పిన ఎనామిల్ ముడియే. స్వేద గ్రంథులకు, వెంట్రుకలకు, లాలాజల గ్రంథులకు కూడ అదే సంకేతం కావాలి. అందుచేతనే ఒక్క జన్యువు మౌనం వహిస్తే పళ్ళు, చెమట, నోటి తడి మూడును తగ్గిపోతాయి.

కొడుకుకు ఎక్స్ క్రోమోసోమ్ తల్లి నుండియే వస్తుంది. కనుక ఈ మార్పు కూడ ఆమె నుండియే వస్తుంది. నిజమే. కాని ఆమె దానిని ఎన్నుకొనలేదు. ఆమెకు ఆమె తల్లి నుండియో, తండ్రి నుండియో వచ్చి ఉండవచ్చును, లేదా క్రొత్తగా పుట్టి ఉండవచ్చును. పైగా స్త్రీ శరీరంలోని ప్రతి కణంలో రెండు ఎక్స్ క్రోమోసోములలో ఒకటి దాదాపుగా నిద్రాణమై ఉంటుందని 1961లో మేరీ లయన్ ప్రతిపాదించినది, అది నిలిచినది. అందువల్ల అట్టి తల్లి శరీరంలో కొన్ని చోట్ల చెమట పోసి కొన్ని చోట్ల పోయదు. ఒకటి రెండు పళ్ళు ఆమెకే లేకపోవచ్చును. ఆమె కూడ ఆ లోపంలో భాగం పంచుకున్న మనిషే. కొడుకు బాధకు తోడు ఆమెపై నేరం మోపుట ఏ న్యాయం? కారణం తెలుసుకొనుట ఒకటి, నేరం మోపుట మరొకటి. మొదటి దాని వల్ల చికిత్సకు దారి దొరుకుతుంది. రెండవదాని వల్ల సంసారాలు కూలుతాయి.

ఆ దారి నిజంగా తెరచుకుంటున్నది. 2018లో జర్మనీలోని ఎర్లాంగెన్ వైద్యులు, ఈ లోపమున్న కవల మగశిశువులకు 26వ వారంలోను, 31వ వారంలోను గర్భంలో ఉండగానే, కొరవడిన ప్రోటీన్‌ను ఉమ్మనీటిలోనికి ఎక్కించిన వృత్తాంతాన్ని ప్రచురించారు. ఆ పిల్లలు పుట్టిన తరువాత మామూలుగా చెమట పోయగలిగారు. అదే ప్రోటీన్‌ను పుట్టిన పిదప శిశువులకు ఇచ్చినప్పుడు ఆ ఫలితం రాలేదు. సంకేతానికి ఒక వేళ ఉన్నది. వేళ దాటితే వినే కణం ఉండదు. ఈ చికిత్స ఇంకను పరిశోధన దశలోనే ఉన్నది. కాని చికిత్స రాకముందే చేయగల మేలు కొంత మన చేతిలో ఉన్నది. చెమట పోయని పిల్లవానికి మన ఎండలు ప్రాణాంతకం కావచ్చును. అతనికి నీడ, నీరు, తడిబట్ట, పంకా దగ్గర చోటు ఇవ్వాలి. మాటిమాటికి నీళ్ళకు లేచాడని కేకలు వేయరాదు. పళ్ళు లేని పిల్లలకు చిన్నతనంలోనే కట్టుడు పళ్ళు అమర్చవచ్చును, పెద్దయ్యేదాక ఆగనక్కరలేదు.

ఇంకొక పొరపాటును కూడ ఇక్కడనే సరిదిద్దవలసి ఉన్నది. పంటి లోపం ప్రతిదీ వంశం నుండి వచ్చినది కాదు. నల్లగొండ ప్రాంతంలో గోధుమరంగు మచ్చల పళ్ళతో పెరిగిన తరాలను మనం ఎరుగుదుము. ఉమ్మడి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో ఇట్టి వ్యాధిని 1937లోనే వైద్యులు వర్ణించి, నీటిలోని ఫ్లోరైడే కారణమని చాటారు. ఎనామిల్ రూపొందే బాల్యంలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉన్న నీరు త్రాగితే, దానిని కట్టే కణాల పని చెడి మచ్చలు ఏర్పడతాయి. పెద్దయిన తరువాత ఆ ఊరికి వచ్చినవారికి ఆ మచ్చలు రావు. జన్యువు సరిగానే ఉన్నది, చెడినది నీరు. పటిక, సున్నం కలిపి ఆ నీటిని శుద్ధిచేసే విధానానికి ‘నల్లగొండ పద్ధతి’ అనే పేరే నిలిచినది. అట్టి పళ్ళున్న అమ్మాయిని చూచి ‘వారి ఖాందాన్‌లోనే ఉన్నది’ అని సంబంధం వదలుకొన్నవారు, బావి చేసిన తప్పుకు ఆ అమ్మాయిని శిక్షించినవారైనారు.

విద్యార్థి మిత్రులారా! మీలో జీవశాస్త్రం చదివేవారు మొగ్గ, టోపీ, గంట దశల బొమ్మలు వేసి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఆ బొమ్మను ఇంటికి తీసుకొనిపోయి అమ్మకు, నానమ్మకు, ఖాలాజాన్‌కు మీ మాటలలో చెప్పినవారు ఎందరు? చెప్పడానికి పదాలు లేవన్న సాకు చెల్లదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం కొరకు 1917లో ఏర్పడిన దారుల్ తర్జుమా, వైద్యం మొదలు ఇంజనీరింగు వరకు ఉర్దూలో చెప్పడానికి పదాలు సమకూర్చినది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి కళాశాల స్థాయి శాస్త్రగ్రంథాలను తెలుగులోనికి తెచ్చినది. మన రెండు భాషలకూ ఈ పని క్రొత్త కాదు.

కళాశాల కమిటీ పెద్దలకు మూడు మనవులు చేయదలచితిని. మొదటిది, జీవశాస్త్ర శాఖ వారు ప్రతి ఏడు ఒకసారి, తెలుగులోను ఉర్దూలోను, విద్యార్థుల తల్లులను కూడ పిలిచి, గర్భంలో బిడ్డ ముఖం, పళ్ళు ఎట్లు రూపొందునో చెప్పే సభ ఏర్పాటు చేయవలెను. రెండవది, ఆ దినాననే దంతవైద్యుని పిలిపించి పిల్లలను చూపించవలెను; పెదవి చీలికకు శస్త్రచికిత్స, పళ్ళు లేనివారికి కట్టుడు పళ్ళు దొరికే చోట్ల వివరాలు చెప్పించవలెను. మూడవది, తెలుగు, ఉర్దూ శాఖలు రెండును కలిసి ఒక చిన్న పుస్తకం వ్రాయవలెను. అందులో ‘గ్రహణం మొర్రి’ అను మాటకు బదులు ‘పెదవి చీలిక’ అను మాట ఉండవలెను. ఇందుకు పెద్ద ఖర్చు లేదు. ఒక గది, ఒక నల్లబల్ల, కొన్ని కాగితాలు చాలును.

మాట మారితే నమ్మకం ఆ నాడే మారునని నేను అనుకొనుట లేదు. కాని నిందకు తావిచ్చే మాటను మనం పలుకుతూ ఉన్నంతకాలం, మన ఇళ్ళలో బిడ్డను ఎత్తుకొని తల దించుకొని నిలబడే తల్లి తల ఎత్తలేదు. ఆ తల్లి ఏ నేరమూ చేయలేదని సాక్ష్యం చెప్పగల జ్ఞానం మన కళాశాలలో ఉన్నది. దానిని ఆమెకు అర్థమయ్యే భాషలో ఆమె ఇంటివారి ముందు చెప్పుట మన విధి. ఈ సంవత్సరమే ఆ పని ఆరంభమగునని ఆశిస్తున్నాను.